దాల్చినచెక్క వాసన వేసే నగరం

2005 జులైలో సిన్సినాటిలో మెజొనెట్ అనే ఫ్రెంచ్ రెస్టారెంటు మూతపడింది. మొబిల్ గైడు దానికి వరసగా 41 ఏళ్లు అయిదు నక్షత్రాలు ఇచ్చింది. అమెరికాలో మరే భోజనశాలకూ ఆ హోదా అన్నేళ్లు నిలవలేదు. షికాగో, న్యూయార్క్ వాళ్ల ముందు సిన్సినాటివాళ్లు కాలరెగరేయడానికి అదొక కారణంగా ఉండేది. అది పోయాక ఖరీదైన భోజనం చేసేవాళ్లు దిగాలుపడి ఉండవచ్చు గానీ ఊరి ఆకలికి లోటేమీ రాలేదు. ఎందుకంటే ఈ ఊరి అసలు తిండి తెల్లటి మేజాబల్లల మీద పుట్టింది కాదు. మాంసం చాలక ధాన్యం కలిపి సాగదీసుకున్న జర్మన్ పనివాళ్లు, బతుకుతెరువుకు బాల్కన్ కొండల నుంచి దిగిన అన్నదమ్ములు, శుక్రవారం మాంసం ముట్టని కేథలిక్కులు, వీళ్ల అవసరాల్లోంచి పుట్టింది. అందుకే ఇక్కడ బాగా తినాలంటే పెద్ద హోటళ్ల పట్టిక అక్కర్లేదు. బీరు నిలవచేసిన పాత పేటలు, చిల్లీ దుకాణాలు, చర్చి హాళ్లు తిరిగే ఓపిక ఉంటే చాలు.

ఒహాయో రాష్ట్రపు నైరుతి మూలన, ఒహాయో నది ఒడ్డున ఉంది ఈ నగరం. 2020 జనగణన ప్రకారం జనాభా 3,09,317. చుట్టుపక్కల పట్టణాలన్నీ కలుపుకుంటే 22 లక్షలు దాటుతుంది. విమానం దిగేది మాత్రం ఒహాయోలో కాదు, నది అవతల కెంటకీ రాష్ట్రంలో. టాక్సీ ఎక్కి ఉత్తరానికి వస్తే ఒక మలుపు దగ్గర కొండ పక్కకు తప్పుకుంటుంది. నది, వంతెనలు, ఎత్తయిన భవనాలు ఒక్కసారిగా కళ్లముందు పడతాయి. ఆ వంతెనల్లో రాతి స్తంభాలతో, నీలిరంగు ఉక్కుతో ఉన్నది జాన్ రోబ్లింగ్ కట్టించింది. 1866 చివర జనానికి తెరిచారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెనకు నమూనా గీసింది ఆయనే.

తిండి సంగతికి వస్తే మొదట పందుల గురించి చెప్పుకోవాలి. పందొమ్మిదో శతాబ్దం సగానికి వచ్చేసరికి సిన్సినాటిని జనం ‘పోర్కోపొలిస్’ అనేవారు. చుట్టుపక్కల పొలాల నుంచి మందలకు మందలు వీధుల వెంట కబేళాలకు నడిచి వచ్చేవి. మాంసం ఉప్పులో ఊరి, పీపాల్లోకి ఎక్కి నది మీద దక్షిణాదికి పోయేది. మిగిలిన కొవ్వు ఏం చేయాలి? 1837లో విలియం ప్రాక్టర్ అనే కొవ్వొత్తుల వ్యాపారి, జేమ్స్ గ్యాంబుల్ అనే సబ్బుల వ్యాపారి చేతులు కలిపారు. ఇద్దరూ తోడల్లుళ్లు. అక్కాచెల్లెళ్లను చేసుకున్న వీళ్లిద్దరినీ కలిసి వ్యాపారం పెట్టుకోమని నచ్చజెప్పింది మామగారే. మన ఇళ్లలో ఏరియల్, టైడ్ పొట్లాల మీద కనిపించే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అలా ఈ ఊళ్లో మొదలైంది, ఇవాళ్టికీ ఇక్కడే ఉంది.

మంచి ముక్కలు పీపాల్లోకి పోతే కబేళాలో చెమటోడ్చినవాడికి దక్కేది తుక్కుముక్క. ఉత్తర జర్మనీ నుంచి వచ్చినవాళ్లకు దానికో కిటుకు తెలుసు. పందిమాంసాన్ని, కొన్నిసార్లు గొడ్డుమాంసం కలిపి, ఉల్లిపాయ, బిర్యానీ ఆకు, మిరియాలతో గంటల తరబడి ఉడికిస్తారు. అందులో ఓట్స్ నూక పోసి గట్టిపడేదాకా కలియబెడతారు. పళ్లెంలో పరిచి చల్లార్చి, బిళ్లలుగా కోసి పెనం మీద కాలుస్తారు. అదే గెట్టా. కోడిగుడ్డు, కాల్చిన రొట్టెతో పొద్దున్నే తింటారు. అంచులు కరకరలాడేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి తిప్పితే పెనానికి అంటుకుని ముద్దయిపోతుంది. మాంసం కన్నా ఓట్స్ రుచే ఎక్కువ తెలుస్తుందని మొదటిసారి తిన్నవాళ్లు పెదవి విరుస్తారు. ఆ రుచి కోసమే ఊరివాళ్లు దాన్ని వెతుక్కుంటారు. నది అవతల కెంటకీలోని కవింగ్టన్‌లో గ్లియర్స్ అనే కంపెనీ 1946 నుంచి దీన్ని తయారుచేస్తోంది. ఏటా పది లక్షల పౌన్లకు పైగా అమ్ముతుంది, అందులో అత్యధిక భాగం ఈ చుట్టుపక్కలే ఖర్చవుతుంది. వేసవిలో గెట్టాకు ప్రత్యేకంగా ఒక తిరునాళ్లు కూడా జరుగుతుంది.

గెట్టా కొనడానికి ఫిండ్లే మార్కెట్టుకు వెళ్లడం మంచిది. 1855లో తెరిచిన ఈ బజారు ఒహాయోలో ఎడతెగకుండా నడుస్తున్న మార్కెట్లలో అన్నిటికన్నా పాతది. ఇనుప చట్రంతో కట్టిన పొడవాటి భవనం, నడిమధ్య గంట స్తంభం, లోపల రెండు వైపులా మాంసం, జున్ను, చేపలు, రొట్టెల కొట్లు, బయట వరండాల్లో కూరగాయలు, పూలు. ఎకర్లిన్ మీట్స్ అనే కొట్టువాళ్లు ఇంటి పాళ్లతో చేసిన గెట్టాను కోసి ఇస్తారు. సోమవారం మార్కెట్టుకు సెలవు. శనివారం పొద్దున వెళితే భుజాలు రాసుకుంటూ నడవాలి, అయినా ఆ రోజే వెళ్లాలి. ఈ మార్కెట్టుకు బేస్‌బాల్‌తోనూ ముడి ఉంది. 1869లో అమెరికాలోనే తొలిసారిగా ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చి బేస్‌బాల్ జట్టును నడిపిన ఊరు ఇది. ఇప్పుడాడే జట్టు పేరు రెడ్స్. వాళ్ల సీజను మొదలైన రోజు బయలుదేరే ఊరేగింపును 1920 నుంచి నడిపిస్తున్నది ఈ మార్కెట్టు వర్తకులే. ఆ రోజు బడులు ఎగ్గొట్టి పిల్లలు, ఆఫీసులు ఎగ్గొట్టి పెద్దలు వీధుల్లో ఉంటారు.

ఇక చిల్లీ. సిన్సినాటి చిల్లీ పేరెత్తితే టెక్సస్ రాష్ట్రంవాళ్లు కళ్లెర్రజేస్తారు. మిరపకాయల మంట కోసం తినే కూరలో దాల్చినచెక్కేమిటి, దాన్ని స్పగెట్టీ మీద పోయడమేమిటి అని వాళ్ల బాధ. నిజానికి ఇది టెక్సస్ బంధువు కాదు. ఇప్పటి గ్రీసు ఉత్తర భాగంలోని ఒక పల్లె నుంచి వచ్చిన కిరాజీఫ్ సోదరులు 1922లో వైన్ స్ట్రీటులోని ఎంప్రెస్ నాటకశాల పక్కన చిన్న కొట్టు పెట్టారు. తమ ప్రాంతంలో మాంసానికి వేసే దాల్చినచెక్క, లవంగం, ఆల్‌స్పైస్ వేసి సన్నటి గొడ్డుమాంసం కైమా వండారు. అమెరికావాళ్లకు తెలిసిన చిల్లీ అన్న పేరు తగిలించారు. దాన్ని స్పగెట్టీ మీద, హాట్‌డాగ్ మీద పోసి అమ్మారు. అక్కడ పనిచేసినవాళ్లు, వాళ్లను చూసినవాళ్లు, వాళ్ల ఊళ్లవాళ్లు తలా ఒక కొట్టు పెట్టుకుంటూ పోయారు. 1929లో నది అవతలి న్యూపోర్ట్‌లో డిక్సీ. 1940లో క్యాంప్ వాషింగ్టన్. 1949లో కస్టోరియా నుంచి వచ్చిన నికొలస్ లాంబ్రినీడీస్ ప్రైస్ హిల్ గుట్ట మీద, నగరం కనిపించే చోట కొట్టు తెరిచి స్కైలైన్ అని పేరు పెట్టాడు. 1965లో జోర్డాన్ దేశం నుంచి వచ్చిన దావూద్ సోదరులు నలుగురు గోల్డ్ స్టార్ మొదలుపెట్టారు. ఒక్కొక్కరి మసాలా పాళ్లు ఒక్కొక్కరి రహస్యం. చాక్లెట్ పడుతుందని కొందరు, పడదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

వండే పద్ధతి మనకు విడ్డూరంగా అనిపిస్తుంది. కైమాను నూనెలో వేయించరు. పచ్చి మాంసాన్ని నీళ్లలో వేసి, ఉండలు కట్టకుండా చిదిమి, మసాలాతో కలిపి గంటలకొద్దీ ఉడికిస్తారు. అందుకే చివరికి ముక్క తగలదు, పలచటి పులుసులా జారుతుంది. ఊరివాళ్లు దాన్ని అంకెల్లో అడుగుతారు. స్పగెట్టీ మీద చిల్లీ మాత్రమే ఉంటే టూ వే. దాని మీద సన్నగా తురిమిన చెడ్డార్ జున్ను కొండలా పోస్తే త్రీ వే. ఉల్లిపాయ గానీ చిక్కుడు గింజలు గానీ చేరిస్తే ఫోర్ వే, రెండూ ఉంటే ఫైవ్ వే. డిక్సీవాళ్లు తరిగిన వెల్లుల్లి కూడా చల్లి సిక్స్ వే అంటారు, తెలుగు నాలుక్కి అదే ఎక్కువ నచ్చే అవకాశం ఉంది. కూర్చోగానే చిన్న గిన్నెలో ఆయిస్టర్ క్రాకర్స్ అనే గుండ్రటి బిస్కెట్లు వస్తాయి. ఆయిస్టర్ అన్నది పేరులోనే, నత్తలూ ఆల్చిప్పలూ ఏమీ ఉండవు. మెడకు ప్లాస్టిక్ బిబ్ ఇస్తారు, సిగ్గుపడకుండా కట్టుకోవాలి. స్పగెట్టీని ఫోర్కుకు చుడితే పక్క బల్లవాళ్లు గమనిస్తారు. ఫోర్కు అంచుతో కోసుకుంటూ, పొరలు చెదరకుండా పైనుంచి కిందికి తినడం ఇక్కడి మర్యాద. 

రుచి ఎలా ఉంటుంది? గరం మసాలా వేసి కారం మరిచిపోయిన కైమా కూరలా ఉంటుందని చెప్పడమే సులువు. మొదటి నాలుగు ముద్దలూ అయోమయం. జున్ను కరిగి కిందికి దిగాక, హాట్ సాస్ నాలుగు చుక్కలు పడ్డాక విషయం అర్థమవుతుంది. ఒక్కచోటే తినే వీలుంటే క్యాంప్ వాషింగ్టన్‌కు వెళ్లాలి. ఒకప్పటి కబేళాల పేట అది. 1951లో గ్రీసు నుంచి వచ్చిన జాన్ జాన్సన్ ఆ కొట్టును దశాబ్దాలు నడిపాడు. 2000లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ దానికి ‘అమెరికాస్ క్లాసిక్స్’ పురస్కారం ఇచ్చింది. అమెరికా వంటలోకంలో అది పెద్ద గౌరవం, ఆ గౌరవం దక్కింది డాలర్లలో చెప్పుకోదగ్గ ఖరీదేమీ లేని ఒక పళ్లేనికి. తిన్నాక దగ్గర్లోనే ఉన్న అమెరికన్ సైన్ మ్యూజియంలో పాత నియాన్ బోర్డులు చూసి రావచ్చు.

సరే, గొడ్డుమాంసం తిననివాళ్ల మాటేమిటి? తెలుగు ప్రయాణికుల్లో తినేవాళ్లూ ఉన్నారు, ఆ మాట వినగానే లేచి నిలబడేవాళ్లూ ఉన్నారు. కొడుకునో కూతుర్నో చూడటానికి వచ్చిన అమ్మానాన్నలను చిల్లీ కొట్టుకు తీసుకెళితే ఎదురయ్యే తొలి ప్రశ్న అదే. స్కైలైన్‌లో నల్ల చిక్కుళ్లు, అన్నం కలిపి చిల్లీ స్థానంలో వేసి ఇస్తారు. జున్ను, ఉల్లిపాయ అన్నీ మామూలే. అది అసలు చిల్లీ అని ఎవరూ దబాయించరు గానీ ఆ కొట్టు సందడిలో, ఆ బిబ్ కట్టుకుని కూర్చోవడంలో సగం ముచ్చట తీరుతుంది.

గొడ్డుమాంసం తిననివాళ్లకు ఇంకా మంచి దారి శుక్రవారం. ఈస్టరుకు ముందు నలభై రోజులు కేథలిక్కులు శుక్రవారాలు మాంసం ముట్టరు. శనివారమో కార్తీకమాసమో నీచు మానేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఈ నియమం గురించి విడమరచి చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే ఇక్కడ చేపకు మినహాయింపు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఊళ్లోని చర్చి హాళ్లలో వేపుడు చేపల విందులు మొదలవుతాయి. టికెట్టు కొనుక్కుని ఎవరైనా వెళ్లవచ్చు, మతం అడగరు. మడత కుర్చీలు, కాగితపు పళ్లేలు, పెద్ద చేప ముక్క, పక్కన మాకరోని, క్యాబేజీ తురుము. వడ్డించేది ఆ చర్చి తాతలూ బడిపిల్లలూ.

ఆ శుక్రవారమే ప్రపంచానికి ఒక వంటకాన్ని ఇచ్చింది. మోన్‌ఫర్ట్ హైట్స్ అనే కేథలిక్ పేటలో మెక్‌డొనాల్డ్స్ శాఖ నడిపిన లూ గ్రోన్ శుక్రవారాల్లో హాంబర్గర్లు అమ్ముడుపోక తల పట్టుకున్నాడు. చేపతో శాండ్‌విచ్ చేసి కంపెనీ పెద్ద రే క్రాక్ దగ్గరికి పట్టుకెళ్లాడు. క్రాక్‌కు తన సొంత ఆలోచన ఒకటుంది. మాంసం బదులు అనాసపండు ముక్క పెట్టిన ‘హూలా బర్గర్’. రెండూ ఒకే రోజు అమ్మి చూద్దామని పందెం వేసుకున్నారు. 1962 గుడ్ ఫ్రైడే నాడు చేప శాండ్‌విచ్‌లు 350 అమ్ముడయ్యాయి, అనాసవి ఆరు. ఇవాళ హైదరాబాద్ మెక్‌డొనాల్డ్స్‌లో దొరికే ఫిలే ఓ ఫిష్‌కు పుట్టిల్లు ఈ ఊరే.

సాయంత్రం తాగడానికి ఓవర్-ద-రైన్ పేటకు పోవాలి. ఊరి నడుమ ఒకప్పుడు కాలువ ఉండేది. దాని అవతల ఇటుక మేడల్లో జర్మన్లు కిక్కిరిసి బతికేవారు. కాలువకు రైన్ నది పేరు పెట్టి, ఆ పేటను రైన్ అవతలి గట్టు అని పిలిచారు. తరవాత కాలువను ఎండగట్టి, అడుగున మెట్రో రైలు సొరంగం తవ్వి, పైన రోడ్డు వేశారు. సొరంగం తయారైంది గానీ రైలు ఏనాడూ నడవలేదు. ఈ పేట కింద వేరే సొరంగాలు కూడా ఉన్నాయి. లాగర్ బీరు చల్లటి చోట వారాల తరబడి నిలవుండాలి. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మేడల కింద లోతుగా తవ్విన రాతి కమానుల నేలమాళిగలే దానికి దిక్కు. వాటిలోకి దింపి చూపించే గైడు యాత్రలు ఉన్నాయి. మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఉండి తాగడం మేలు.

1918లో జర్మనీతో యుద్ధం నడుస్తుండగా ఊరు తన సగం మంది మీదే అనుమానపడింది. జర్మన్ పేర్లున్న వీధులకు పేర్లు మార్చారు. బ్రెమెన్ స్ట్రీట్ రిపబ్లిక్ స్ట్రీట్ అయింది. మరుసటి ఏడాది ఒహాయో, 1920లో దేశం మొత్తం మద్యం నిషేధించాయి. క్రిస్టియన్ మోర్లైన్ 1853లో పెట్టిన పెద్ద బ్రూవరీతో సహా చాలావి మూతపడ్డాయి. మందు మాత్రం ఆగలేదు. జార్జ్ రీమస్ అనే వకీలు ఇక్కడికి మకాం మార్చి, మూతపడ్డ డిస్టిలరీలు కొని, ఔషధం పేరుతో విస్కీ బయటికి తీసి, తన లారీలను తనే దోపిడీ చేయించుకుని కోట్లు గడించాడు. 1927లో ఈడెన్ పార్కులో పట్టపగలు భార్యను కాల్చి చంపి, మతి చలించిందన్న వాదనతో శిక్ష తప్పించుకున్నాడు. ఇప్పుడు అతని పేరుతో విస్కీ సీసాలు అమ్ముతున్నారు. అమెరికాలో నేరానికీ బ్రాండుకీ మధ్య దూరం తక్కువ.

మోర్లైన్ కంపెనీ 1895లో కట్టిన సీసాలు నింపే భవనంలో 2013లో రైన్‌గైస్ట్ బ్రూవరీ మొదలైంది. మేడ మీది హాలు రైల్వే గోదాం అంత ఉంటుంది, చుట్టూ స్టీలు ట్యాంకులు, మధ్యలో పొడవాటి బల్లలు. ‘ట్రూత్’ అనే చేదైన ఐపీఏ రకం బీరు వాళ్ల పేరు నిలబెట్టింది. పిల్లలనూ కుక్కలనూ వెంటేసుకుని వచ్చే కుటుంబాలు కనిపిస్తాయి, మన ఊరి బారు అనుకుని బెదరనక్కర్లేదు. సామ్యూల్ ఆడమ్స్ అంటే బోస్టన్ బీరనుకుంటారు. దాని వ్యవస్థాపకుడు జిమ్ కోక్ ఈ ఊరివాడు, తండ్రి ఇక్కడే బీరు కాచాడు. 1997లో కోక్ కంపెనీ ఇక్కడి పాత బ్రూవరీని కొని ఇప్పటికీ నడుపుతోంది. ఇవన్నీ కొత్తగా, అతి శుభ్రంగా అనిపిస్తే ఎయిత్ స్ట్రీటులోని ఆర్నల్డ్స్‌కు నడవాలి. 1861 నుంచి ఉన్న బారు. మేడ మీద ఒక స్నానాల తొట్టి ఉంది, నిషేధం రోజుల్లో అందులో జిన్ కలిపేవారని చెప్పుకుంటారు.

ఓవర్-ద-రైన్ మెరుగుల వెనక ఒక చేదు కథ ఉంది. 2001 ఏప్రిల్‌లో నిరాయుధుడైన నల్లజాతి యువకుణ్ణి ఒక పోలీసు ఇక్కడి సందులో కాల్చి చంపాడు. ఊళ్లో రోజుల తరబడి అల్లర్లు చెలరేగాయి. తరవాత పెద్ద కంపెనీల డబ్బుతో పాడుబడ్డ మేడలు బాగుపడ్డాయి, వైన్ స్ట్రీటు నిండా రెస్టారెంట్లు వచ్చాయి, అద్దెలు పెరిగాయి. అంతకుముందు అక్కడున్న పేద కుటుంబాల్లో చాలామంది వెళ్లిపోవాల్సి వచ్చింది. అలా వచ్చిన రెస్టారెంట్లలో, పాత పోస్టాఫీసులో నడిచే ‘ది ఈగిల్’లో వేపుడు కోడి చాలా బాగుంటుంది. కరకరలాడే పైపొర, కారం కలిపిన తేనె, మొక్కజొన్న పిండితో చేసే స్పూన్‌బ్రెడ్. వరసలో నిలబడి ఎదురుచూసేటప్పుడు ఆ వీధి ఎవరిది, ఎవరిదైంది అని ఒకసారి తల తిప్పి చూడటం అన్యాయం కాదు. నది గట్టు నుంచి ఈ పేట చివరిదాకా తిరిగే ట్రామ్ 2020 నుంచి ఉచితం. తాగినవాళ్లకు కారు తాళాల గొడవ ఉండదు.

బర్బన్ విస్కీ కావాలంటే వంతెన దాటితే సరి, కెంటకీ వచ్చేస్తుంది. న్యూపోర్ట్‌లో 2014లో మొదలైన న్యూ రిఫ్ డిస్టిలరీ చూడవచ్చు. కనీసం 51 శాతం మొక్కజొన్న, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలు ఉంటేనే దానికి బర్బన్ అనే పేరు దక్కుతుంది.

తీపి విషయంలో పెద్దగా చర్చ లేదు, గ్రేటర్స్. 1870లో లూయీ గ్రేటర్ బండి మీద ఐస్‌క్రీమ్ అమ్మడంతో మొదలైంది. 1919లో ఆయన ట్రామ్ కింద పడి చనిపోయాక భార్య రెజీనా వ్యాపారం చేతిలోకి తీసుకుని ఊరంతా కొట్లు తెరిచింది. అప్పటికి దేశంలో స్త్రీలందరికీ ఓటు కూడా లేదు. ఆమె వదలని పద్ధతి ఒకటుంది. ఐస్‌క్రీమ్‌ను తొమ్మిదిన్నర లీటర్ల చిన్న గిన్నెల్లో గిర్రున తిప్పుతూ, అంచుల్లో గడ్డకట్టినదాన్ని గీకుతూ చేస్తారు. గాలి చొరబడదు, అందుకే అరచేతిలో డబ్బా బరువుగా తూగుతుంది. కరిగించిన చాక్లెట్ పోసి, గడ్డకట్టాక గరిటెతో విరుస్తారు. ఒక్కోసారి చెంచాకు అగ్గిపెట్టె అంత ముక్క తగులుతుంది. నల్ల రాస్ప్‌బెర్రీ చాక్లెట్ చిప్ తినకుండా వెనక్కి రాకూడదు. సిన్సినాటి విశ్వవిద్యాలయం దగ్గర లడ్లో అవెన్యూలో ఒక స్కైలైన్, ఒక గ్రేటర్స్ కూతవేటు దూరంలో ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయంలో చదివే తెలుగు పిల్లలకు ఈ వీధి బాగా తెలుసు.

ఉద్యోగాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఉత్తరాన మేసన్, వెస్ట్ చెస్టర్ వైపు ఉంటాయి. వాళ్లింటికి వెళ్లినవాళ్లను తప్పకుండా తీసుకెళ్లే చోటు ఫెయిర్‌ఫీల్డ్‌లోని జంగిల్ జిమ్స్. 1971లో జిమ్ బొనామినియో రోడ్డు పక్కన కూరగాయలు అమ్మిన బండి అది, ఇప్పుడు రెండు లక్షల చదరపు అడుగుల పైన విస్తరించిన సరుకుల కొట్టు. దేశాలవారీగా వరసలు, భారతదేశానికి పెద్ద వాటా, పప్పులు, బియ్యం, పచ్చళ్లు, మసాలాలు. జున్నుల గది ఒక్కటే చూడటానికి అరపూట పడుతుంది. సరుకుల మధ్య ప్లాస్టిక్ ఏనుగులు, ఆడే బొమ్మలు. మరుగుదొడ్డి ఎక్కడని అడిగితే జాతరల్లో కనిపించే ఇరుకు ప్లాస్టిక్ డబ్బాలాంటి తలుపు చూపిస్తారు. ముక్కు మూసుకుని తెరిచినవాళ్లకు లోపల తళతళలాడే విశాలమైన గది ఎదురవుతుంది. 2007లో అమెరికాలో అత్యుత్తమ మరుగుదొడ్డిగా బహుమతి కొట్టింది అదే. వెంట వచ్చినవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పేయకపోతే వినోదం ఎక్కువ.